పాల రసీదు మీద తెలుగు అక్షరం: ఫ్లట్టర్‌తో మూడేళ్లు

ఒక పాల సేకరణ కేంద్రం కోసం మూడేళ్ల క్రితం యాప్ రాయడం మొదలుపెట్టినప్పుడు మేము ఇద్దరమే ఉన్నాం: నేను, నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు. కేంద్రంలో పాలు కొలిచే అమ్మాయి చేతిలో ఎనిమిది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోను, సాయంత్రం లెక్క చూసుకునే యజమాని చేతిలో ఐఫోను ఉండేవి. ఇద్దరికీ ఒకే యాప్ కావాలి, అది తెలుగులో ఉండాలి, పైగా రైతు చేతికి తెలుగులో రసీదు ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌లో ఒకసారి, ఐఫోనుకు స్విఫ్ట్‌లో మరోసారి అదే యాప్‌ను రాసే ఓపిక, డబ్బు రెండూ మాకు లేవు కనుక, ఒకసారి రాస్తే రెండు చోట్లా నడిచే గూగుల్ వారి ఫ్లట్టర్ అనే పనిముట్టును ఎంచుకున్నాను. అప్పటి నుంచి రోజూ దాని మీదే పని చేస్తున్నవాడిగా దాని మంచిచెడ్డలను, దాని వెనుక ఉన్న కంపెనీల పోటీ నాలాంటి చిన్న డెవలపర్ బల్ల దాకా ఎలా వస్తుందో కూడా ఇక్కడ రాస్తున్నాను. ఆ పోటీ సంగతి తెలుసుకోకుండా ఈ పనిముట్టును ఎంచుకోవడం, గట్టు తగాదా గురించి వాకబు చేయకుండా పొలం కొనడం లాంటిదని నా అభిప్రాయం.

ముందు రసీదు సంగతి చెబుతాను, ఎందుకంటే ఫ్లట్టర్ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. రైతు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం), ఆ పూట రేటు, రావలసిన మొత్తం, ఇవన్నీ రెండంగుళాల కాగితం మీద అచ్చై రావాలి. మేము వాడిన చిన్న బ్లూటూత్ ప్రింటరులో ఇంగ్లిషు అక్షరాలు లోపలే ఉన్నాయి, తెలుగు అక్షరాలు లేవు. ‘వెన్న శాతం’ అని అక్షరాలుగా పంపితే కాగితం మీద పిచ్చి గీతలు వచ్చేవి. ఇలాంటి ప్రింటరుతో తెలుగు కావాలంటే రసీదు మొత్తాన్ని బొమ్మగా మార్చి, అడ్డంగా 384 చుక్కల వరుసలుగా కోసి పంపాలి. ఫ్లట్టర్‌లో తెర మీద కనిపించే ఏ భాగాన్నైనా ఒక చట్రంలో పెట్టి బొమ్మగా తీసుకునే సౌకర్యం ఉంది కాబట్టి, తెర మీద రసీదును ఎలా అమర్చామో కాగితం మీద కూడా అలాగే వచ్చింది. ‘వెన్న’ అన్న మాటలో న వత్తు చెక్కుచెదరకుండా కిందికి దిగి ఉండటం చూసి మా కుర్రవాడు ఆ మొదటి రసీదును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇది ఇంత సులువుగా సాధ్యం కావడానికి కారణం ఫ్లట్టర్ నిర్మాణంలోనే ఉంది. ఫోనులో ఆండ్రాయిడ్ గానీ ఐఓఎస్ గానీ ఇచ్చే బటన్లను, పెట్టెలను అది వాడుకోదు. ఖాళీ తెరను మాత్రమే అడిగి తీసుకుని, ప్రతి గీతనూ, ప్రతి అక్షరాన్నీ తన సొంత ఇంజనుతో తానే గీస్తుంది. ఆ గీసే ఇంజను మొదట స్కియా. 2023 మే నెలలో వచ్చిన 3.10 వెర్షన్‌తో ఐఫోన్లలో దాని స్థానాన్ని ఇంపెల్లర్ తీసుకుంది, 2024 డిసెంబరులో వచ్చిన 3.27తో కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లకూ అదే వచ్చింది. మనం యాప్‌తో పాటు ఒక తెలుగు ఫాంటును పంపితే, పాత ఫోనైనా కొత్త ఫోనైనా అక్షరం ఒకే తీరులో కనిపిస్తుంది. అయితే వరుస ఎత్తును ఇంగ్లిషు అలవాటు కొద్దీ 1 అని పెట్టామంటే ఇరుకు పెట్టెల్లో కింది వత్తులు కోసుకుపోతాయి. తెలుగుకు 1.4 నుంచి 1.6 మధ్య పెడితే అక్షరానికి ఊపిరాడుతుంది.

ఇలా అన్నీ తానే గీసుకునే పనిముట్టును గూగుల్ ఎందుకు తయారు చేసిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2008లో యాపిల్ యాప్ స్టోరు తెరిచినప్పటి నుంచీ యాప్‌ను ఎవరి భాషలో, ఎవరి పనిముట్లతో రాయాలన్నది వ్యాపారపు ప్రశ్నగానే ఉంది. 2010 ఏప్రిల్ 8న యాపిల్ తన డెవలపర్ ఒప్పందంలోని 3.3.1 నిబంధనను మార్చి, ఐఫోను యాప్‌లను మొదటి నుంచీ ఆబ్జెక్టివ్-సి, సి, సి++ వంటి తాను చెప్పిన భాషల్లోనే రాయాలని, మధ్యలో మరో పొర ఉండకూడదని తేల్చి చెప్పింది. వెబ్‌లో ఆటలు, కదిలే బొమ్మలు నడిపే ఫ్లాష్‌లో రాసినదాన్ని ఐఫోను యాప్‌గా మార్చే సౌకర్యంతో అడోబీ వారి సీఎస్5 సాఫ్ట్‌వేర్ ఆవిష్కరణ నాలుగు రోజుల తర్వాత జరగవలసి ఉంది. ఆ సౌకర్యం కోసం పడిన శ్రమంతా ఒక్క వాక్యంతో ప్రశ్నార్థకమైంది. ఆ నెల 29న స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ గురించి బహిరంగ లేఖ రాసి, మూడో కంపెనీ పొర మధ్యలో ఉంటే తమ కొత్త సౌకర్యాలు ఆ కంపెనీ దయ మీద ఆధారపడతాయన్న వాదనను ముందు పెట్టారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ దాని బరువు మోసింది మాత్రం అప్పటికే ఆ పనిముట్టుతో యాప్ రాసుకుని కూర్చున్న చిన్నవాళ్లు. సెప్టెంబరు 9న యాపిల్ ఆ నిబంధనను సడలించింది. ఐదు నెలలు ఒక పెద్ద కంపెనీకి చిన్న కాలమే కావచ్చు, ఇద్దరు మనుషుల దుకాణానికి మాత్రం అది మూతపడటానికి చాలినంత కాలం.

అదే ఏడాది ఆగస్టులో ఆండ్రాయిడ్‌లో వాడిన జావా భాష విషయమై, ఆ భాష హక్కులున్న ఒరాకిల్ గూగుల్ మీద దావా వేసింది. దాదాపు 11,500 పంక్తుల కోడ్ మీద నడిచిన ఆ వ్యాజ్యం 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ పక్షాన తీర్పు ఇచ్చేదాకా సాగింది. ఈలోగా 2014లో యాపిల్ స్విఫ్ట్‌ను, 2015లో ఫేస్‌బుక్ రెండు రకాల ఫోన్లకూ యాప్ రాసే రియాక్ట్ నేటివ్‌ను తెచ్చాయి. 2016లో మైక్రోసాఫ్ట్ అలాంటి పనిముట్టునే తయారు చేసే జామరిన్ కంపెనీని కొన్నది, 2017లో గూగుల్ జెట్‌బ్రెయిన్స్ అనే కంపెనీ వారి కోట్లిన్ భాషను ఆండ్రాయిడ్‌కు అధికారికంగా అంగీకరించింది. యాప్ ఎవరి పనిముట్టుతో పుడితే డెవలపర్ అలవాటు వారి వైపు మొగ్గుతుందని, ఆ అలవాటు వెంట యాప్‌లు, యాప్‌ల వెంట వాడుకరులు వస్తారని వీళ్లందరికీ తెలుసు.

2018 డిసెంబరు 4న లండన్‌లో తొలి స్థిర వెర్షన్‌గా విడుదలైన ఫ్లట్టర్ ఈ పోటీలో పుట్టిన బిడ్డే. దాని భాష డార్ట్, గూగుల్ 2011లోనే బయటపెట్టినా అంతగా ఆదరణ దొరకని భాష. యాప్ నడుస్తుండగా అప్పటికప్పుడు కోడ్‌ను యంత్రభాషలోకి మార్చుకోవడాన్ని ఐఫోనులో మామూలు యాప్‌లకు యాపిల్ అనుమతించదు. డార్ట్ ఆ ఆంక్షకు లోబడి, విడుదల చేసే యాప్‌ను ముందుగానే యంత్రభాషలోకి మార్చి పంపుతుంది. మనం రాసుకునే సమయంలో మాత్రం అప్పటికప్పుడు మార్చుకునే పద్ధతిని వాడుతుంది, అందువల్లే రంగు మార్చి సేవ్ నొక్కితే యాప్ మూసుకోకుండా, నింపిన వివరాలు పోకుండా, మార్పు క్షణంలో తెర మీద కనబడుతుంది. హాట్ రీలోడ్ అనే ఈ ఒక్క సౌకర్యం వల్ల, పాలు కొలిచే అమ్మాయి పక్కన కూర్చుని ఆమె చెబుతుండగానే అంకెలను పెద్దవి చేసి చూపించగలిగాను. తడి చేతులతో నొక్కే బటన్ ఎంత వెడల్పు ఉండాలో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

పోటీగా ఉన్న రియాక్ట్ నేటివ్ దారి వేరు. అది ఫోనులోని అసలు బటన్లనే పిలిచి పని చేయిస్తుంది. ఈ తేడా 2025లో బాగా కనబడింది. ఆ జూన్‌లో యాపిల్ ఐఓఎస్ 26 కోసం గాజు పలకల్లాంటి లిక్విడ్ గ్లాస్ రూపాన్ని ప్రకటించినప్పుడు, ఫోను బటన్లనే వాడే యాప్‌లు కొత్త పనిముట్లతో మళ్లీ తయారు చేసుకుంటే చాలా వరకు ఆ రూపాన్ని పొందగలవు. ఫ్లట్టర్‌లో ఐఫోను పోలికతో ఉండే కుపర్టినో బటన్లు యాపిల్ గీసినవి కావు, ఫ్లట్టర్ వారు చూసి గీసినవి, కాబట్టి వాటికి ఆ రూపం దానంతట అది రాదు. జాబ్స్ 2010లో చెప్పిన మాట ఇక్కడ నిజమే అవుతుంది. మా పాల యాప్‌కు ఆ లోటు ఏమాత్రం తెలియలేదు. ఐఫోను వాడుకరులే ప్రధాన ఖాతాదారులైన వ్యాపారానికి మాత్రం అది పెద్ద లోటు, వారికి నేను స్విఫ్ట్‌నే సూచిస్తాను.

కోడ్ ఒకటే అయినా ఇద్దరు భూస్వాముల శిస్తూ తప్పదన్న సంగతి కొత్తగా వచ్చేవారు ముందే తెలుసుకోవాలి. ఐఫోను యాప్‌ను తయారు చేయడానికి యాపిల్ వారి ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లో తప్ప నడవదు. యాపిల్ డెవలపర్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు, గూగుల్‌కు ఒకసారికి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరిచినవారు, యాప్‌ను జనంలోకి వదిలే ముందు 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. మొదట ఈ సంఖ్య 20గా ఉండేది. ప్రింటరు విషయంలోనూ అంతే. పాత పద్ధతి బ్లూటూత్ పరికరం ఐఫోను యాప్‌తో మాట్లాడాలంటే దానికి యాపిల్ ధ్రువీకరణ ఉండాలి, కనుక ఆండ్రాయిడ్‌లో హాయిగా పని చేసిన మా ప్రింటరుతో యజమాని తన ఐఫోను నుంచి రసీదు తీసుకోలేకపోయారు. తక్కువ శక్తి బ్లూటూత్‌తో పని చేసే మరో ప్రింటరు కొనవలసి వచ్చింది. ఒకసారి రాస్తే రెండు చోట్లా నడుస్తుందన్న మాట తెర వరకు పూర్తిగా నిజం, తెర దాటిన తర్వాత అక్కడక్కడా నిజం.

నాకు కలిగిన నష్టం కూడా చెప్పాలి. ప్రింటరుతో మాట్లాడే పనికి మేము ఎవరో ఉచితంగా రాసి పెట్టిన ఒక ప్లగిన్‌ను (యాప్‌కు తగిలించుకునే సిద్ధమైన కోడ్ ముక్కను) వాడాం. గూగుల్ ప్లే ఏటా ఆగస్టు చివరికల్లా యాప్‌లను కొత్త ఆండ్రాయిడ్ స్థాయికి మార్చమంటుంది. ఒక ఏడాది ఆ మార్పు చేసే సమయానికి ఆ ప్లగిన్‌ను రాసినవారు దాన్ని వదిలేసి చాలా కాలమైంది. బ్లూటూత్ అనుమతుల పద్ధతి మారిపోవడంతో యాప్ తెరుచుకున్నా ప్రింటరు దొరకలేదు. రెండు పూటలు రసీదులు చేత్తో రాయవలసి వచ్చింది, తెల్లవారుజామున క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడ్డ రైతులు ఆ ఆలస్యాన్ని భరించారు. తప్పు నాది, ముందే చూసుకోవలసింది.

తెలుగు యాప్ రాసేవారికి ఒక చిన్న మెలకువ. రైతు పేరులో మొదటి అక్షరాన్ని గుండ్రని గడిలో చూపిద్దామని పేరులోంచి సున్నా స్థానాన్ని (కోడ్‌లో లెక్క సున్నాతో మొదలవుతుంది) తీసుకుంటే, ‘స్వప్న’కు ‘స’ అని మాత్రమే వస్తుంది. ‘స్త్రీ’ అన్నది మనకు ఒకే అక్షరం, డార్ట్ లెక్కలో దాని పొడవు ఆరు. పేరు ఇన్ని అక్షరాలు దాటకూడదు అని హద్దు పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మిగతా విషయాల్లో తెలుగుకు ఆదరణ బాగానే ఉంది: తేదీలు, నెలల పేర్లు తెలుగులో వస్తాయి, 1,25,000 అని లక్షల పద్ధతిలో కామాలు పడతాయి.

ఇక భయం సంగతి. 2024 వసంతంలో గూగుల్ ఫ్లట్టర్, డార్ట్ బృందాల్లోంచి కొందరిని తొలగించింది. ఆ ఏడాది మే నెలలో జరిగిన తన సదస్సులో, ఒకే కోడ్‌ను రెండు రకాల ఫోన్లకూ వాడుకోనిచ్చే జెట్‌బ్రెయిన్స్ వారి కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌కు కూడా మద్దతు ప్రకటించింది. అంటే ఫ్లట్టర్‌కు పోటీదారు ఒకరు ఇంట్లోనే ఉన్నారు. పనులు ముందుకు కదలడం లేదన్న అసంతృప్తితో ఆ అక్టోబరులో కొందరు ఫ్లట్టర్ కోడ్ నకలుతోనే ఫ్లాక్ పేరిట వేరు కుంపటి ప్రకటించారు. జామరిన్‌ను నమ్ముకున్నవారికి మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో మద్దతు ముగించి, తన కొత్త పనిముట్టు మౌయి వైపు వెళ్లమని చెప్పిన ఉదంతం కళ్ల ముందే ఉంది. ఫ్లట్టర్ మూలకోడ్ ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్సు కింద బహిరంగంగా ఉంది, గూగుల్ పే యాప్‌నే దానితో తిరిగి రాశారు, కాబట్టి రాత్రికి రాత్రి మాయమవుతుందని నేను అనుకోవడం లేదు. అయినా తన భవిష్యత్తు ఒకే కంపెనీ బడ్జెట్ సమావేశంలో తేలే పనిముట్టుతో పని చేస్తున్నామని మరిచిపోకూడదు.

చిన్న బృందానికి, ప్రాంతీయ భాషలో ఫారాలు, పట్టికలు, రసీదులు ఉండే యాప్‌కు, నేను వాడిచూసిన వాటిలో ఫ్లట్టర్‌కు సాటి లేదు. బరువైన ఆటలకు, ఫోను లోతుల్లోకి వెళ్లే పనులకు అది తగదు. పాల లెక్క, రేటు పట్టిక వంటి అసలు సరుకును తెర గీసే కోడ్‌తో కలపకుండా విడిగా ఉంచాను, రేపు పనిముట్టు మార్చవలసి వచ్చినా ఆ భాగాన్ని చూసి మరో భాషలో తిరిగి రాసుకోవడం తేలికవుతుంది. ప్రింటరుతో మాట్లాడే భాగాన్ని కూడా ఇప్పుడు ప్లగిన్ లేకుండా ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌లో, ఐఫోనుకు స్విఫ్ట్‌లో మేమే రాసుకున్నాం. రెండూ కలిపి నాలుగు వందల పంక్తులకు మించలేదు. వాటిలో ఎక్కువ భాగం రాసింది మొదటి రసీదును జేబులో పెట్టుకున్న ఆ కుర్రవాడే.