బీఎల్-5సీ బ్యాటరీ: ఏళ్ల తరబడి వాడాక

నోకియా బటన్ ఫోన్లతో ఇంటింటికీ తెలిసిన ఈ బ్యాటరీ ఇప్పుడు జేబు రేడియోల్లోనూ నడుస్తోంది. 3.7 వోల్టులు, 1020 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క), మందం 6 మిల్లీమీటర్ల లోపే. మూత తీసి గోరుతో పైకి లేపితే ఊడి వస్తుంది, ఇంకోటి పెట్టేయడమే. నా వరకు బ్యాటరీకి వంక లేదు. పేచీ అంతా ఆ పేరుతో అమ్మే నకిలీలతోనే.

పైన 3000 ఎంఏహెచ్ అని రాసుంటే ముట్టుకోకండి, ఆ సైజులో అంత పట్టదు. అనుమానం తీరాలంటే పూర్తిగా దిగిన బ్యాటరీని రేడియోలో పెట్టి, రేడియో ఆపేసి, యూఎస్‌బీ మీటర్ (కేబుల్‌లో ఎంత కరెంటు వెళ్లిందో లెక్కచూపే చిన్న పరికరం) మీదుగా నిండా చార్జ్ చేయండి. చిన్న రేడియోల్లో ఎక్కువగా లీనియర్ చార్జర్లే ఉంటాయి. అందులో లోపలికి వెళ్లిన కరెంటే బ్యాటరీకి చేరుతుంది, కాబట్టి మీటర్ చూపే ఎంఏహెచ్ దాదాపు బ్యాటరీదే. 900 దాటితే భేషు. కొత్తదే 500 దగ్గర ఆగిందంటే లేబుల్ శుద్ధ అబద్ధం.

బ్యాటరీ మీదున్న మూడు కాంటాక్టుల్లో (లోహపు రేకుల్లో) మధ్యది బ్యాటరీ రకాన్ని ఫోన్‌కి చెప్పడానికి. రేడియోకి దానితో పనిలేదు. అందుకే రేడియోలో బుద్ధిగా పనిచేసే చవక బ్యాటరీని కొన్ని ఫోన్లు ఒప్పుకోవు.

వాల్యూమ్ పెంచగానే రేడియో ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందు పిన్నులు చూడండి. బ్యాటరీ రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి తుడిచేయండి. ఇంకా వదులుగా ఉంటే పిన్నులకు ఎదురు వైపు మడత కాగితం దోపితే చాలు.

నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో బయటికి తీసి పెట్టాలి. లోపలే వదిలేస్తే రేడియోలోని గడియారం చార్జ్‌ని కొద్దికొద్దిగా పీల్చేస్తుంది, చివరికి బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ కరెంటు తెగ్గొట్టేస్తుంది. అప్పుడు మల్టీమీటర్ సున్నా చూపినా పారేయకండి, చార్జర్ పెడితే చాలావరకు లేస్తుంది. మరీ పాత ఒరిజినల్ దొరికిందని మాత్రం సంబరపడొద్దు: 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య తయారైన వాటిలో కొన్ని చార్జింగ్‌లో వేడెక్కుతాయని 2007లో నోకియానే హెచ్చరించింది.

బ్యాటరీని బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. గుచ్చకండి, నొక్కి మూత వేయకండి, చెత్తబుట్టలో కాకుండా ఈ-వ్యర్థాల్లో ఇచ్చేయండి.