కౌంటరుకు నాలుగున్నర, కౌంటరు దాకా చేరడానికి ఒకటి

జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాను. థీసిస్ ఇంకో సెమిస్టరుకు సాగడంతో నివాస అనుమతి పొడిగింపు కోసం మా ఊరి విదేశీయుల కార్యాలయాన్ని ఆశ్రయించక తప్పలేదు. ఐదు మార్కులకు నేను వేసినవి పైనే రాశాను.

ఫారం నింపి, బ్లాక్డ్ అకౌంటులో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలకింత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోల లెక్క చూపించి, ఆరోగ్య బీమా, యూనివర్సిటీ నమోదు పత్రం జతచేసి ఆన్‌లైన్‌లో పంపగానే ఒక మెయిల్ వచ్చింది. దరఖాస్తు అందిందట. ఎంతవరకు వచ్చిందని అడగవద్దట, అడిగితే ఇంకా ఆలస్యమవుతుందట! ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఫోను ఎవరూ ఎత్తరు.

గడువులోపే దరఖాస్తు పెడితే నిర్ణయం వెలువడేదాకా పాత అనుమతి చెల్లుతుందని చట్టం చెబుతుంది. నేను పార్ట్‌టైమ్ చేసే కంపెనీలో జీతాలు చూసే ఆవిడకు మాత్రం కాగితం కావాలి. ఆ కాగితమే ఇక్కడి మనవాళ్ళందరూ 'ఫిక్షన్' అనే తాత్కాలిక ధ్రువపత్రం. మా కార్యాలయం అది తనంతట తాను ఇవ్వదు. నివాస అనుమతి కార్డు గడువు తేదీ, ఉద్యోగం సంగతి రాసి విడిగా అడిగితేనే కదిలారు. చేతికి రాగానే టిక్కు ఎక్కడ పెట్టారో చూసుకోండి. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు దగ్గరుంటే ఇండియా వెళ్ళి తిరిగి రావచ్చు. మూడో క్లాజు దగ్గరుంటే దాన్ని నమ్ముకుని విమానం ఎక్కకండి.

అపాయింట్‌మెంటు దొరికి లోపలికి వెళ్ళాక వంక పెట్టడానికేమీ లేదు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకున్న ఒక పెద్దావిడ నా ఫైలు ముందే చదివి ఉన్నారు. వేలిముద్రల యంత్రం నా కుడి చూపుడువేలిని ఎంతకీ ఒప్పుకోకపోతే, తడిగుడ్డ ముందుకు జరిపి, తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నారు. థీసిస్ దేని మీదని అడిగి, నా తడబాటు జర్మన్‌ను ఓపికగా విన్నారు. 93 యూరోలు కట్టించుకుని రసీదు ఇచ్చారు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. ఇంత చక్కగా పనిచేసే మనిషి దగ్గరికి పంపడానికి అన్ని నెలలు ఎందుకు పట్టాలి?

కొత్త కార్డు ముద్రించేది బెర్లిన్‌లో కాబట్టి ఆ వారాలకు మార్కులు తగ్గించలేదు. కార్డును ఆన్‌లైన్ గుర్తింపుకు వాడుకునే పిన్ ఉన్న ఉత్తరం ఇంటికే వచ్చింది. కార్డు తీసుకోవడానికి మాత్రం మళ్ళీ అపాయింట్‌మెంటు కావాలట. మళ్ళీ అదే వెబ్‌సైటు, ఖాళీ లేదని చెప్పే అవే తేదీలు.