ఇంటి గరాజులో కారు లిఫ్టు: టూ పోస్టా, ఫోర్ పోస్టా, ఫ్రేములా?

‘గరాజులో లిఫ్టు పెట్టుకుందామనుకుంటున్నాను. టూ పోస్ట్ మేలా, ఫోర్ పోస్ట్ మేలా?’ ఈ మధ్య ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తున్నారు. టూ పోస్ట్ అంటే కారును రెండు స్తంభాల మధ్య ఎత్తే లిఫ్టు, ఫోర్ పోస్ట్ అంటే నాలుగు స్తంభాలది. మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. అడిగేవాళ్లందరికీ ఆయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేయడం వచ్చు. కాబట్టి ఆ పాఠాలు వదిలేస్తాను. అందరూ ముందు పైకప్పు ఎత్తు కొలుస్తారు, తర్వాత ధరలు చూస్తారు. నేను మాత్రం నేలతో మొదలుపెట్టమంటాను. ఎందుకో మా తోడల్లుడి గరాజులో జరిగింది చెబితే అర్థమవుతుంది.

ఆయన వాడిన టూ పోస్ట్ లిఫ్టు ఒకటి మంచి ధరకు దొరికిందని కొన్నారు. రెండు స్తంభాలూ గోడవారగా పడుకోబెట్టి ఉన్నాయి. నేలకు రంధ్రాలు వేసే పెద్ద డ్రిల్లు అద్దెకు తెచ్చాం. ఎక్కడెక్కడ వేయాలో సుద్దముక్కతో గీసుకున్నాం. చోటు చాలక తలుపు పక్కనున్న చెప్పుల అర జరిపాను. దాని కింద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు అచ్చు వేసిన అక్షరాలు కనిపించాయి. దుమ్ము నిండి సగం పూడిపోయాయి. చీపురు పుల్లతో గీకితే ఒక్కో అక్షరం బయటపడింది: ఇది పోస్ట్ టెన్షన్ స్లాబు, కోయవద్దు, రంధ్రాలు వేయవద్దు.

‘అన్నయ్యా, డ్రిల్లు పక్కన పెట్టండి’ అన్నాను. ఆయన వచ్చి చదివి, చేతిలోని సుద్దముక్క కింద పడేశారు.

ఈ ప్రాంతపు మట్టి మన గుంటూరు నల్లరేగడికి చుట్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంచించుకుపోతుంది. అందుకే ఇక్కడి చాలా ఇళ్ల పునాది స్లాబులో ఉక్కు తీగలు పరచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని యంత్రంతో బిగలాగి కొసలు బిగిస్తారు. పోస్ట్ టెన్షన్ స్లాబు అంటే ఇదే. అర అంగుళం తీగ ఒక్కొక్కటి సుమారు 33 వేల పౌండ్ల బిగువుతో, అంటే దాదాపు 15 టన్నుల లాగుడుతో, నేలలోపల నిలబడి ఉంటుంది. డ్రిల్లు మొన దాన్ని తెంపితే ఆ బలమంతా ఒక్కసారిగా విడుదలవుతుంది. తీగ కాంక్రీటును చీల్చుకుని బయటికి రావచ్చు. ఎవరికీ దెబ్బ తగలకపోయినా, ఇంటి పునాదిని కట్టిపడేసే తీగల్లో ఒకటి పోయినట్టే. టెక్సస్‌లో గరాజు ఉన్న ప్రతి ఒక్కరూ అచ్చు అక్షరాల కోసం నేలంతా వెతకాలి. కనబడలేదు కదా అని తీగలు లేవనుకోకూడదు. ఇంటి ప్లాన్ కాగితాలు చూడాలి, లేదా రాడార్‌తో నేలను పరీక్షించేవారిని పిలిచి తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించుకోవాలి.

టూ పోస్ట్ లిఫ్టుకు ఇదంతా ఎందుకు అంత ముఖ్యం? అది నిలబడేదే నేలను పట్టుకుని. కారు బరువు స్తంభం మీద నిట్టనిలువుగా పడదు. స్తంభం నుంచి ముందుకు చాచిన ఉక్కు చేతుల మీద పడుతుంది. దాంతో స్తంభం లోపలివైపు ఒరగాలని చూస్తుంది, వెనకవైపు బోల్టులు నేలను పైకి పీకుతుంటాయి. కారు పైనున్నంతసేపూ ఆ పీకుడు ఆగదు. అందుకే తయారీదారులు సాధారణంగా కనీసం 4 అంగుళాల మందం, 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం ఉన్న కాంక్రీటు అడుగుతారు. బీటలకూ అంచులకూ దూరంగా బోల్టులు వేయమంటారు. కొత్తగా పోసిన కాంక్రీటయితే 28 రోజులు ఆగమంటారు. ఇళ్ల గరాజు స్లాబులు 4 అంగుళాలని కాగితంలో ఉన్నా, పోసేటప్పుడు అన్నిచోట్లా అంతే మందం రాదు.

పని సౌకర్యంలో టూ పోస్టుకు సాటి లేదు. నాలుగు చక్రాలూ గాలిలో ఉంటాయి, కారు అడుగుభాగమంతా ఖాళీగా కనిపిస్తుంది, నిలబడి పని చేసుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో గోతిలోకి దిగి, తల పైకెత్తి గంటల తరబడి పని చేసే మెకానిక్కులను చూస్తూ పెరిగినవాణ్ని, ఆ సుఖం విలువ నాకు తెలుసు. కానీ 9 వేల పౌండ్ల టూ పోస్ట్ లిఫ్టుకు పైన అడ్డదూలం ఉంటే దాదాపు 12 అడుగుల ఎత్తు కావాలి. నేల మీద పలక ఉండే పొట్టి రకానికైనా 9 అడుగులు దాటుతుంది. ఇంకో మాట: 10 వేల పౌండ్ల లిఫ్టు అంటే ఒక్కో చేయి మోసేది రెండున్నర వేలే. ఇంజను బరువంతా ముందున్న పికప్ ట్రక్కును ఎత్తేటప్పుడు మొత్తం బరువు చూసి సరిపెట్టుకోకూడదు.

ఫోర్ పోస్ట్ సంగతి వేరు. కారు రెండు పట్టాల మీదికి ఎక్కుతుంది, బరువు నాలుగు స్తంభాల గుండా తిన్నగా కిందికి దిగుతుంది. నేలను పీకేది ఏదీ లేదు. ఇళ్లకోసం చేసే రకాల్లో చాలా వాటిని బోల్టులు లేకుండానే నిలబెట్టవచ్చు. నేల సరిగా లేనిచోట ఇది ఎంతో పెద్ద మేలు. నేల వాలును మాత్రం చూసుకోవాలి. నీళ్లు బయటికి పోవడానికి గరాజు నేలకు అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం వాలు ఇవ్వడం మామూలు. 14 అడుగుల పొడవులో అది ఒకటీ ముప్పావు అంగుళం అవుతుంది. స్తంభాల కింద ఉక్కు పలకలు వేసి, ఎత్తిన కారును పట్టి నిలిపే గొళ్ళేలు పడే చోట్లు సర్ది దాన్ని సమం చేయాలి. ఎంతవరకు సర్దవచ్చో ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది.

ఒక కారు కింద ఇంకో కారు పెట్టాలన్న ఆశతోనే చాలామంది ఫోర్ పోస్ట్ వైపు మొగ్గుతారు. టయోటా క్యామ్రీ కారు ఎత్తు సుమారు 57 అంగుళాలు. రెండు క్యామ్రీలు, మధ్యలో పట్టా మందం 6 అంగుళాలు కలిపితేనే 10 అడుగులు. మా పైకప్పు 9 అడుగులు. పైగా తెరిచిన గరాజు తలుపు, దాని మోటారు పైకప్పు కిందే వేలాడుతుంటాయి. తలుపు పట్టాలు పైకి మార్పించి, మోటారును గోడవైపు పెట్టించాలి. చక్రాలు విప్పాలంటే పట్టాల మధ్య జారే జాకీ విడిగా కొనాలి. ఆ ఖర్చు ధరలో కలుపుకోకుండా లెక్కవేయకండి.

నేను కొన్నది మూడో రకం: కారు కిందికి తోసే రెండు పొడవాటి ఉక్కు ఫ్రేములు, వాటికి నూనె పంపే చిన్న మోటారు. 5 వేల నుంచి 7 వేల పౌండ్ల దాకా ఎత్తేవి దొరుకుతాయి. సుమారు 20 అంగుళాలు లేస్తుంది. నేలకు ఒక్క రంధ్రం అక్కర్లేదు. పని అయ్యాక గోడకు ఆనించి పెడితే గరాజు గరాజుగానే ఉంటుంది. లోటు కూడా చెప్పాలి: వెల్లకిలా పడుకునే పని చేయాలి. గేరుబాక్సు దించే పని ఉన్నవాళ్లకు ఇది చాలదు. మీ కారు జాకీ పెట్టే చోట్ల మధ్య దూరం కొలిచి, దానికి తగిన పొడవున్న ఫ్రేములే కొనాలి. ఎలక్ట్రిక్ కార్లయితే బ్యాటరీ పెట్టె మీద బరువు పడకుండా, కంపెనీ చూపిన చోటే రబ్బరు దిమ్మ ఆనాలి.

ఏ రకమైనా ప్రాణం కాపాడేది గొళ్ళెం. నూనె ఒత్తిడి కారును ఎత్తడానికే. ఎత్తాక దాన్ని నిలబెట్టాల్సింది ఉక్కు మీద ఆనిన ఉక్కు. గొట్టం పగలొచ్చు, సీలు కారొచ్చు. అందుకే కావాల్సిన ఎత్తుకు కాస్త పైకి ఎత్తి, తర్వాత కొంచెం దించి గొళ్ళెం మీద కూర్చోబెట్టాలి. ఫ్రేములు లేస్తుంటే ఎడమవైపు ఠక్ మంటుంది, ఒక్క క్షణం ఆగి కుడివైపు ఠక్ మంటుంది. ఆ రెండు చప్పుళ్లూ వినాలి. వంగి టార్చిలైటు వేసి రెండూ పడ్డాయో లేదో కంటితో చూడాలి. ఆ తర్వాత కారును భుజంతో గట్టిగా తోసి చూస్తాను. నా పన్నెండేళ్ల కొడుకు పక్కన నిలబడి స్పానర్లు అందిస్తాడు. ఈ మూడూ అయ్యేదాకా వాణ్ని గీత దాటి రానివ్వను.

కొనేముందు బంగారు రంగు ముద్ర కోసం చూడండి. అమెరికాలో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలకు నిలబడిన మోడళ్లకే అది ఉంటుంది. ఆ సంస్థ జాబితాలో మోడల్ నంబరు వెతికి సరిచూసుకోవచ్చు. ‘ప్రమాణాలకు లోబడి చేసినది’ అని ప్రకటనలో రాసినంతమాత్రాన పరీక్ష జరిగినట్టు కాదు. మోటారుకు మాత్రమే ఉన్న విద్యుత్ భద్రత ముద్రను లిఫ్టు మొత్తానికి ఉన్నట్టు చూపే అమ్మకందారులూ ఉన్నారు. ఏ భాగానికి ముద్ర ఉందో అడగండి.

కత్తెరలా విచ్చుకుని లేచే కత్తెర లిఫ్టులు కారు నడుమ భాగాన్ని కప్పేస్తాయి, టైర్లకు, బ్రేకులకు పనికొస్తాయి, అంతే. ర్యాంపులు ఆయిలు మార్చడానికి చాలు. జాకీ, స్టాండ్లతో సరిపెట్టుకునేవాళ్లు 2020లో అమెరికాలో గొళ్ళెం పళ్లు సరిగా పట్టని స్టాండ్లను లక్షల కొద్దీ వెనక్కి తీసుకున్న సంగతి గుర్తుంచుకుని, తమ దగ్గరున్న మోడల్ నంబరు చూసుకోవాలి.

తీగలు లేని, మందం తేలిన నేల, 12 అడుగుల కప్పు ఉంటే టూ పోస్ట్ పెట్టండి. కప్పు 10 అడుగులు దాటి, రెండో కారుకు చోటు కావాలంటే ఫోర్ పోస్ట్. మా లాంటి మామూలు గరాజుకు నా ఓటు ఫ్రేములకే.

మా తోడల్లుడు ఆ టూ పోస్ట్ లిఫ్టును ఊరి బయట పెద్ద షెడ్డు ఉన్న ఒకాయనకు అమ్మేశారు. ఆ షెడ్డు నేల 6 అంగుళాల మందం, లోపల బిగలాగిన తీగలు లేవు. కాంక్రీటు పోసినప్పటి కాగితాలు ఆయన తెచ్చి చూపించాకే స్తంభాలను బండెక్కించాం. ఇప్పుడు మా తోడల్లుడు నెలకోసారి తన టయోటా సియెన్నా వ్యాను వేసుకుని మా ఇంటికి వస్తారు. 7 వేల పౌండ్ల ఫ్రేములు కొన్నది ఆ బండిని కూడా లెక్కలో పెట్టుకునే.