వలస సంస్కరణ పరిశోధనకు ప్రాజెక్టు గ్రాంటా, సాధారణ గ్రాంటా?

అమెరికా థింక్ ట్యాంకులకు (విధాన పరిశోధన సంస్థలకు) దాతృత్వ ఫౌండేషన్లు డబ్బిచ్చే దారులు ప్రధానంగా ఈ రెండే.

ప్రాజెక్టు గ్రాంటుకు ప్రశ్న ముందే ఖాయం. ఉపాధి గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఎత్తేస్తే క్యూ ఎలా మారుతుంది? (ఆ క్యూలో తెలుగు ఇంజనీర్లూ బోలెడుమంది.) ఒక ఆర్థికవేత్త, ఒక సహాయకుడు, డేటా ఖర్చు: లెక్క చూసుకోవడం తేలిక. చిక్కల్లా కాలంతోనే. 2013లో సెనేట్ ఆమోదించిన సంస్కరణ బిల్లు ప్రతినిధుల సభలో ఓటింగుకే రాలేదు. అలాంటప్పుడు నివేదిక అటకెక్కుతుంది, గ్రాంటు అయిపోగానే నిపుణుడూ వెళ్లిపోతాడు.

సాధారణ గ్రాంటును జీతాలకూ అద్దెకూ వాడుకోవచ్చు. బిల్లు మళ్లీ కదిలిన వారంలోనే అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సిబ్బంది చేతిలో రెండు పేజీల నోట్ పెట్టాలంటే ఇలాంటి డబ్బే ఉండాలి. కాకపోతే అది వేరే అంశాలకు జారిపోవచ్చు. అందుకే మొదటి ఏడాది ప్రాజెక్టుతో పరీక్షించి, ఆపై మూడేళ్ల సాధారణ గ్రాంటు ఇవ్వడం మేలు.

లాబీయింగ్‌కని, అంటే ఒక బిల్లుపై చట్టసభ్యులను ఒప్పించే పనికని, ప్రత్యేకించి ఇస్తే ప్రైవేట్ ఫౌండేషన్‌పై పన్ను పడుతుంది. సాధారణ గ్రాంటులో అలా ప్రత్యేకించకపోతే చాలు. ప్రాజెక్టు గ్రాంటు మాత్రం ఆ ప్రాజెక్టు బడ్జెట్‌లోని లాబీయింగేతర ఖర్చును మించకూడదు. ఒప్పందంలో ‘బిల్లు ఆమోదం’ అని లక్ష్యం రాసుకుని కొత్త దాతలు ఇరుక్కునేది ఇక్కడే.