ఆసుపత్రి కథకు డాక్యుమెంటరీ మేలా, కథాచిత్రం మేలా?

రొమేనియా ఆసుపత్రుల మీద వచ్చిన రెండు సినిమాలను చాలాకాలంగా పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి 2005లో క్రిస్టి పుయు తీసిన కథాచిత్రం ‘ది డెత్ ఆఫ్ మిస్టర్ లాజరెస్కు’. రెండోది 2019లో అలెగ్జాండర్ నానౌ తీసిన డాక్యుమెంటరీ ‘కలెక్టివ్’. మొదటిదానికి కాన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, రెండోది రెండు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. రెండూ బుకారెస్ట్ నగరం కేంద్రంగా నడుస్తాయి. రెండింటిలోనూ మనుషుల్ని బతికించాల్సిన చోటే చేటు జరుగుతుంది. ఆసుపత్రిలో ఒక రాత్రి గురించి చిన్న సినిమా తీయాలని స్క్రిప్టు రాసుకుంటున్నాను కాబట్టి, వీటిలో ఏ దారి మేలో తేల్చుకోవడం నాకు అవసరం.

ముందు డాక్యుమెంటరీ సంగతి. 2015 అక్టోబరు 30 రాత్రి ‘కలెక్టివ్’ అనే క్లబ్బులో సంగీత కచేరీ జరుగుతుండగా బాణసంచా రవ్వలు లోపల అతికించిన ఫోముకు అంటుకున్నాయి. మొత్తం 64 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆ రాత్రి క్లబ్బు నుంచి ప్రాణాలతో బయటపడి, తర్వాతి రోజుల్లో, వారాల్లో ఆసుపత్రి మంచాల మీద పోయినవారే. కాలిన ఒంటికి ఆసుపత్రుల్లోని మొండి బ్యాక్టీరియా సోకింది. ఆ కూపీ లాగింది ఒక క్రీడా పత్రిక కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ‘గజెతా స్పోర్తురిలోర్’ పాత్రికేయుడు కాతాలిన్ తోలోంతాన్, ఆయన సహచరులు కలిసి ఆసుపత్రులకు సరఫరా అవుతున్న క్రిమిసంహారక ద్రావణాలు నీళ్లు కలిపి పలచన చేసిన సరుకని బయటపెట్టారు. డబ్బా మీద రాసిన గాఢత ఒకటి, లోపల ఉన్నది మరొకటి. 2016 మే నెలలో ఆరోగ్య మంత్రి రాజీనామా చేయాల్సివచ్చింది.

డాక్యుమెంటరీ బలం ఎక్కడుందో ఈ సినిమాలో ఒక్క దృశ్యం చాలు చెప్పడానికి. ఒక రోగి గాయంలో పురుగులు కదులుతున్న వీడియోను ఆసుపత్రిలో పనిచేసే డాక్టరే బయటికి తెస్తుంది. అదే దృశ్యాన్ని నేను మేకప్పు వేసి తీస్తే సగం మంది కళ్లు మూసుకుంటారు, మిగతా సగం మంది అతి చేశాడంటారు. ఇక్కడ ఆ రెండో మాటకు చోటులేదు. ‘అదంతా సినిమా కదా’ అని తప్పించుకునే దారిని డాక్యుమెంటరీ మూసేస్తుంది. రాజకీయ నాయకుల విషయంలో ఇది చిన్న ప్రయోజనం కాదు.

అయితే మంత్రిని దించింది సినిమా కాదు, పత్రిక. సినిమా బయటికి వచ్చేసరికి మూడేళ్లు దాటింది, వార్తలన్నీ అందరికీ తెలిసినవే. మరి సినిమాగా దానికి మిగిలిందేమిటి? నా లెక్కలో దాని రెండో సగం. కొత్తగా వచ్చిన యువ మంత్రి వ్లాద్ వోయికులెస్కు తన గది తలుపు కెమెరాకు తెరిచాడు. ఒళ్లు కాలి, చేతివేళ్లు పోగొట్టుకున్న టెడీ అనే యువతి ఫొటోను తన గదిలో పెట్టుకుని పనిచేస్తాడు. ఆ ద్రావణాలు అమ్మిన ఒక్క కంపెనీని పట్టుకుంటే సరిపోదని, నియామకాల దగ్గర్నుంచి అనుమతుల దాకా అన్నీ కుళ్లిపోయాయని మనతోపాటే తెలుసుకుంటాడు. సరైన సదుపాయాలు లేని ఆసుపత్రికి ఊపిరితిత్తుల మార్పిడి అనుమతి ఇవ్వనంటాడు. వెంటనే టీవీల్లో అతనిపై దేశద్రోహి అన్నంత ఎత్తున దాడి మొదలవుతుంది. 2016 డిసెంబరు ఎన్నికల్లో అంతకుముందు అధికారంలో ఉన్న సోషల్ డెమోక్రాట్లే ఘనంగా గెలుస్తారు. ఆ రాత్రి ఆ మంత్రితో ఫోనులో మాట్లాడే అతని తండ్రి గొంతులోని నిస్పృహను ఏ నటుడూ అంత సాదాగా పలకలేడు.

ఇదంతా నానౌ ప్రతిభే, కానీ అదృష్టం కూడా. కెమెరాను లోపలికి రానిచ్చే మంత్రి దొరకడం అంటే మాటలా? అతను తలుపు వేసుకుని ఉంటే ఆ రెండో సగమే లేదు. డాక్యుమెంటరీ తీసేవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి అనుమతి మీద ఆధారపడి ఉంటాడు.

ఇక లాజరెస్కు. అరవై దాటిన విశ్రాంత ఇంజనీరు, భార్య పోయింది, పిల్లులతో ఒంటరిగా ఫ్లాటులో ఉంటాడు. శనివారం సాయంత్రం తలనొప్పి, కడుపునొప్పి. అంబులెన్సుకు ఫోను చేస్తాడు, ఎంతకీ రాదు. పొరుగువాళ్లు మాత్రలిస్తారు, తాగుడు గురించి నాలుగు మాటలంటారు. చివరికి మియోరా అనే నర్సు వచ్చి ఎక్కించుకుంటుంది. అదే రాత్రి బస్సు ప్రమాదం జరిగి ఆసుపత్రులు కిటకిటలాడుతున్నాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి, అక్కడి నుంచి మరోచోటికి ఆ స్ట్రెచర్ తిరుగుతూనే ఉంటుంది. వెళ్లిన చోటల్లా అతని నోటి వాసనే ముందు కనబడుతుంది, రోగం తర్వాత. మెదడులో రక్తం చేరింది, వెంటనే ఆపరేషన్ చేయాలి అని తేలేసరికి మాట ముద్దయిపోతుంది. అప్పుడు డాక్టరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటాడు. పెడతారా, పెట్టరా అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. లాజరెస్కుకు ప్రశ్నే అర్థం కావడంలేదు. సంతకం లేకుండా కత్తి పట్టుకుంటే జైలుకు పోవాలంటాడు డాక్టరు. అంతటితో ఆగక, స్పృహ పూర్తిగా పోయేదాకా ఊళ్లో తిప్పి తీసుకురా, అప్పుడు చేస్తాం అని మియోరాకు సలహా ఇస్తాడు.

ఈ దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మండినా, డాక్టరు చెప్పిన నియమం అబద్ధం కాదు. అంతకుముందు చూసినవాళ్లకూ తలా ఒక కారణం ఉంది: మంచాలు లేవు, స్కానింగు దగ్గర వరుస ఉంది, తెల్లవారుజామయింది. మియోరాకు కూడా ఒంట్లో బాగాలేదు. పిత్తాశయం నొప్పి భరిస్తూనే ఆ ముసలాయన్ని వదలకుండా తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమాలో ఇతనే దుర్మార్గుడు అని వేలు పెట్టి చూపించడానికి ఒక్క మనిషి దొరకడు. చివరికి తల గొరిగి, ఆపరేషన్‌కు సిద్ధంచేసి పడుకోబెడతారు. సినిమా అక్కడే ఆగిపోతుంది.

1997లో రొమేనియాలో నిజంగానే, ఆసుపత్రులేవీ చేర్చుకోని ఒక రోగిని అంబులెన్సు సిబ్బంది వీధిలో వదిలేశారు, అతను చనిపోయాడు. పుయు కథకు మూలం అదే. దాన్ని ఉన్నదున్నట్టు తీసి ఉంటే మన కోపమంతా ఆ సిబ్బంది మీదికే పోయేది. ఆయన నర్సును మంచి మనిషిని చేశాడు. ఆ ఒక్క మార్పుతో నేరం వ్యక్తి మీద నుంచి వ్యవస్థ మీదికి జరిగింది. వాస్తవాన్ని మార్చి సత్యానికి దగ్గరగా వెళ్లే ఈ వెసులుబాటు డాక్యుమెంటరీకి లేదు.

కథాచిత్రమైతే చాలు, తప్పక లోతుగా ఉంటుందని నేననను. 2002లో వచ్చిన అమెరికన్ సినిమా ‘జాన్ క్యూ’లో కొడుక్కి గుండె మార్పిడి కోసం తండ్రి తుపాకీతో అత్యవసర విభాగాన్ని బందీ చేస్తాడు. డెంజెల్ వాషింగ్టన్ నటనకు కన్నీళ్లు వస్తాయి. ఆ కన్నీళ్లతోనే కోపం కూడా తీరిపోయి, బీమా వ్యవస్థ సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి కుదిపే విషయం రోగి సమ్మతి. టెడీ తెలిసి, ఇష్టపడి కెమెరా ముందు నిలబడింది. సంతకమే పెట్టలేని లాజరెస్కు లాంటి మనిషి సినిమా తీయడానికి ఎలా ఒప్పుకోగలడు? 1967లో ఫ్రెడరిక్ వైజ్‌మన్ మసాచుసెట్స్‌లోని ఒక మానసిక చికిత్సా కేంద్రం మీద ‘టిటికట్ ఫాలీస్’ తీస్తే, రోగుల గోప్యత పేరుతో కోర్టు ఆపేసింది. 1991 దాకా సామాన్య ప్రేక్షకులకు చూసే వీలులేకపోయింది. ఆ నిషేధం రోగుల కంటే ప్రభుత్వాన్నే ఎక్కువ కాపాడిందని నేను నమ్ముతాను. అయినా, నగ్నంగా, నిస్సహాయంగా ఉన్న ఆ మనుషుల తరఫున అవును అనే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న మాత్రం నాకు తీరలేదు.

ఖర్చు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డాక్యుమెంటరీకి ఏళ్లు కావాలి, కథాచిత్రానికి ఒకేసారి డబ్బు కావాలి.

ఎవరో దాచిన నిజం చేతికి చిక్కిందంటే, కాగితమో వీడియోనో పరీక్షా ఫలితమో, ఇంకో ఆలోచన లేకుండా డాక్యుమెంటరీయే తీయాలి. అక్కడ కల్పన కలిపితే నిజానికే నష్టం. అందరికీ తెలిసి, అందరూ అలవాటు పడిపోయిన అన్యాయమైతే నా ఓటు కథాచిత్రానికే. నేను రాస్తున్నది ఆ రెండోరకం. నా దగ్గర రహస్య పత్రాలేమీ లేవు, మంచం దొరకని ఒక రోగి, తెల్లవార్లూ నిలబడిన ఒక డ్యూటీ డాక్టరు, ఆ ఇద్దరి మధ్య తిరిగే ఒక నర్సు మాత్రమే ఉన్నారు. కెమెరాను నర్సు వెంటే నడిపిస్తాను. డాక్టరును విసుక్కోనిస్తాను, విలన్‌ను మాత్రం చేయను. షూటింగుకు ముందు స్క్రిప్టును రాత్రి డ్యూటీలు చేసే నర్సుల చేతికిచ్చి, ఇలా జరగదు అని వాళ్లు గీతపెట్టిన ప్రతి పేజీనీ మళ్లీ రాస్తాను.