ఐదు అరల కార్డుల పెట్టె: అనాటమీ చదివేవాళ్ల కోసం ఒక రివ్యూ

ఫిజియోథెరపీ చదువుతున్నాను. మా అనాటమీలో ప్రతి కండరానికీ అది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అతుక్కుంటుందో, ఏ నరం వస్తుందో, ఏ పని చేస్తుందో గుర్తుండాలి. అందుకే ఐదు అరలున్న అట్టపెట్టె, దాంతోపాటు వచ్చే ఖాళీ కార్డుల సెట్టు తీసుకుని సెమిస్టర్ అంతా వాడాను. పెట్టె నాణ్యత ఓ మాదిరిగా ఉంది. పద్ధతికి మాత్రం పూర్తి మార్కులు.

సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ముందువైపు ప్రశ్న, వెనక జవాబు రాసిన కొత్త కార్డు మొదటి అరలో పెడతాం. జవాబు వస్తే తర్వాతి అరకి జరుపుతాం. రాకపోతే అది ఎంత వెనక అరలో ఉన్నా మళ్లీ మొదటికే. మొదటి అర రోజూ చూడాలి, రెండోది రెండు మూడు రోజులకోసారి. అలా వెనక్కి వెళ్లేకొద్దీ ఎడం పెరుగుతుంది.

ఎడం ఎందుకంటే, మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుంది. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి, తన మరుపుని తనే కొలిచి, 1885లో ఫలితాలు అచ్చువేశాడు. తొలి గంటలోనే చాలా భాగం జారిపోయింది, ఆ తర్వాత జారడం నెమ్మదించింది. కాబట్టి కొత్త కార్డుకి వెంటవెంటనే పలకరింపు కావాలి, పాతదానికి అప్పుడప్పుడూ చాలు.

దీనికంటే నాకు విలువైనదిగా తోచింది, జవాబు చూసుకోకముందే తలలోంచి బయటికి లాగాల్సి రావడం. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని తిరిగి తిరిగి చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం గడిచాక చూస్తే, చదివింది గుర్తుచేసుకుంటూ సాధన చేసినవాళ్లదే పైచేయి. తిరిగి చదువుతుంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. కార్డు మీది ప్రశ్న మాత్రమే చూస్తే ఏది వచ్చో ఏది రాదో తేలిపోతుంది. గుర్తుచేసుకోవడం పరీక్ష మాత్రమే కాదు, ఆ జ్ఞాపకాన్ని గట్టిపరిచే పని కూడా.

అయితే ఈ సెట్టుతో ఇచ్చిన సూచనల కాగితంలో అసలు సంగతి లేదు: కార్డు మీద ఏం రాయాలి? మనసులో ఒకేసారి నిలుపుకోగలిగేవి సుమారు నాలుగు ముక్కలేనని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. అందుకని ఒక కార్డుకి ఒకే ప్రశ్న. మణికట్టులోని ఎనిమిది ఎముకలూ ఒకే కార్డు మీద రాస్తే ఆ కార్డు మొదటి అర వదలదు. వాటిని నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా విడదీయండి. ఎముకలు నిజంగా అమరి ఉన్నదీ అలాగే కాబట్టి పని తేలికవుతుంది.

ప్రశ్న అర్థంతో ముడిపడాలి. భుజఫలకాన్ని పక్కటెముకలకి ఆనించి పట్టుకునే కండరం గురించి ‘సెరాటస్ యాంటీరియర్‌కి ఏ నరం?’ అని రాసుకోవచ్చు. కానీ ‘గోడని చేతులతో నెట్టినప్పుడు వీపు మీద భుజఫలకం రెక్కలా పైకి లేస్తోంది, అనుమానించాల్సిన నరం ఏది?’ అని రాస్తే, లాంగ్ థొరాసిక్ నరం అన్న జవాబుతోపాటు కండరం పనీ, రేపు వచ్చే రోగీ కళ్లముందుంటారు. పైపైన ఎన్నిసార్లు తిప్పామన్న దానికంటే, లోపలికి తీసుకునేటప్పుడు ఎంత లోతుగా ఆలోచించామన్నది ముఖ్యం. సొంతంగా కార్డు రాసుకోమని నేను పట్టుబట్టేది అందుకే. అచ్చువేసిన సెట్లు కొనొద్దు.

ఇక పెట్టె లోపాలు. అరలన్నీ ఒకే వెడల్పు. ఎక్కువ కార్డులు పోగుపడేది వెనక అరల్లో కాబట్టి అవి పెద్దవిగా ఉండాల్సింది. అడ్డుగా పెట్టే అట్టలు పక్కకి వాలిపోతున్నాయి, కార్డులు కలిసిపోతున్నాయి. కార్డు కూడా పల్చన, వెనక రాసిన జవాబు ముందుకి కనిపిస్తుంది. జవాబు పెన్సిలుతో రాసుకోవాల్సి వస్తోంది. తేదీల లెక్క మనమే చూసుకోవాలి, వేలల్లో కార్డులుంటే ఫోన్ యాప్ మేలు.

పెట్టె చేయలేని పని ఇంకొకటుంది, మా చదువులో అది సగం. 1953లో హెన్రీ మొలైసన్‌కి మూర్ఛ తగ్గించడానికి మెదడులో రెండువైపులా, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కావాల్సిన హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. తర్వాత ఆయనకి కొత్త సంగతులు నిలవలేదు. అయినా మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తే రోజురోజుకీ చేయి కుదిరింది. ముందురోజు గీసిన సంగతి మాత్రం ఆయనకి గుర్తులేదు. చేతి నేర్పు నిలిచే దారి వేరని అలా తెలిసింది. వేళ్లతో నొక్కి, భుజంలోని సుప్రాస్పైనేటస్ కండరపు స్నాయువు ఎక్కడుందో పట్టుకోవడం ఏ కార్డూ నేర్పదు, ల్యాబులో తోటివాళ్ల భుజాల మీదే నేర్చుకోవాలి.

ఎముకలు, నరాలు, మందుల పేర్లు, కొత్త భాషలో పదాలు నేర్చుకునేవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. కొనేటప్పుడు అడ్డట్టలు జరుపుకునే వీలుందో లేదో చూడండి, కార్డులు మాత్రం విడిగా మందమైనవి తెచ్చుకోండి.