పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చే షాపు, నల్లగొండ: 4 స్టార్లు

గడియారం సెంటర్ దగ్గరి గల్లీల ఉంటది, పేరు రాస్తలేను, తిట్టేది కూడ ఉంది గాబట్టి. క్యాసెట్‌కు 300, మూడు ఇచ్చిన. గురువారం రమ్మని సోమవారం చేతుల పెట్టిండు, నడుమల మూడుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారే ఎత్తిండు. 90 నిమిషాల క్యాసెట్ అంటే గంటన్నర తిరగాల్సిందే, ఫైల్ కాపీ కొట్టినట్టు గాదు, నాకూ ఎర్కే, కానీ ఆ ముక్క ముందే చెప్తే ఏం పోయింది.

పనికి మాత్రం వంక పెట్టేది లేదు. ఒకదాంట్ల రీలు ఎనకుండే చిన్న స్పంజి ముక్క ఊడిపోతే ఇంకో పాత క్యాసెట్‌ది తీసి అతికిచ్చిండు, పైసలు అడగలే.

ఇగ మూడోది, మా నాయనమ్మ బతుకమ్మ పాటలు. తాత రేడియో, టేప్‌రికార్డర్ కలిసుండే టూ ఇన్ వన్ ముందట కూసోబెట్టి రికార్డ్ చేసి, ఎవ్వరూ చెరపొద్దని క్యాసెట్ ఎనక రెండు ప్లాస్టిక్ పళ్లు ఇరగ్గొట్టిండు, అవి లేకుంటే రికార్డ్ బటన్ దిగదు గదా. నేనేం చేసిన, ఆ బొక్కలల్ల కాగితం కుక్కి రేడియోల వచ్చే సినిమా పాటలు ఎక్కిచ్చుకున్న. ఇప్పుడు సెల్లుల నొక్కితే వచ్చే పాటల కోసం! నాయనమ్మ పోయినంక యాదికొస్తే కడుపుల దేవినట్టయింది, అప్పట్నుంచి ఇంట్ల ఎవరితోని అనలే.

మళ్ల పొరపాటున చెరిగిపోద్దని షాపాయన ఆ కాగితాలు పిన్నుతోని బయటికి తీసుకుంట "ఎవరు పెట్టిన్రు సార్" అన్నడు. ఏమో అన్న. కింద పాతది ఏమన్న మిగుల్తదా అంటే, రికార్డ్ చేసేటప్పుడు ముందుగాల ఎరేజ్ హెడ్డు తగుల్తది, పాతది తుడిచినంకనే కొత్తది ఎక్కుతది, అడుగున ఏం ఉండదు అన్నడు.

కానీ రెండో దిక్కు చివర్ల సినిమా పాట సగంల తెగి 4 నిమిషాలు నాయనమ్మ ఉంది. ఉయ్యాలో అనుకుంట పాడుతనే ఆగి "గిది తిరుగుతుందా?" అంటది, తాత "నువ్వు పాడు" అంటడు. షాపాయన సప్పుడంత క్లీన్ చేసి ఇస్తే కుండల మూతి పెట్టి పాడినట్టొచ్చింది, అందుకే ఒక స్టార్ కట్. ఉన్నదున్నట్టు ఇయ్యమంటే ఐదు నిమిషాలల్ల ఫ్రీగ ఇచ్చిండు, మీరు పోతే ముందే చెప్పున్రి.

క్యాసెట్ల కవర్ల ఆ కాగితం ముక్కలు కూడ ఏసిండు. ఇంటికొచ్చి ఇప్పి చూస్తే ఒకదాని మీద నా రాతల నా పేరు, 8-బి అని ఉంది. ఆయన చదివిండో లేదో.